మూడో మగ్గం

ముంబైలోని వర్లి, ప్రభాదేవి, లోయర్ పరేల్ బట్టల మిల్లులను కొత్త యంత్రాలే మింగేశాయని చాలామంది అనుకుంటారు. జరిగింది అది కాదు. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెనక దాదాపు రెండున్నర లక్షల మంది గిరణీ (మిల్లు) కార్మికులు సమ్మెకు దిగేనాటికి బొంబాయి మిల్లుల్లో చాలా మగ్గాలు పాతబడిపోయి ఉన్నాయి. వాటిని మార్చడానికి యజమానుల్లో ఎక్కువమంది డబ్బు పెట్టలేదు. సమ్మె నెలల తరబడి సాగుతుంటే బజారుకు కావలసిన బట్ట దగ్గర్లోని భివండీలో నేయించారు. అక్కడ నడిచినవి మన నేతవాళ్లు సాంచాలని పిలిచే సాదా మరమగ్గాలు. వాటిలో మిల్లులు వదిలించుకున్న పాత సరుకు కూడా ఉంది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ పల్లెల నుంచి వచ్చి వర్లి చాళ్లలో, అంటే ఒంటి గది ఇళ్ల వరుసల్లో, కాపురాలు పెట్టిన పద్మశాలి కార్మికుడి చేతిలో పనిని లాక్కున్నది అతని కన్నా తెలివైన యంత్రం కాదన్నమాట. అతని మగ్గం కన్నా నాసి మగ్గం, దాని పక్కన తక్కువ కూలి, కార్మిక చట్టం గడప తొక్కని చిన్న షెడ్డు, ఇక్కడ చూస్తే ఏటికేడు ఎగబాకే మిల్లు స్థలం ధర, ఇవన్నీ కలిసి లాక్కున్నాయి. ఫీనిక్స్ మిల్లు ఇవాళ మాల్. కమలా మిల్లులో ఆఫీసులు, హోటళ్లు నడుస్తున్నాయి. ఈ మార్పులో ఏ ఒక్కటీ యంత్రం తీసుకున్న నిర్ణయం కాదు.

కృత్రిమ మేధ (ఏఐ) గురించి కొన్నేళ్లుగా వింటున్న మాటలను ఈ చరిత్ర పక్కన పెట్టి చూడాలి. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది. అప్పటి నుంచి మనకు రెండు రకాల కథలు వినిపిస్తున్నాయి. మొదటిది మోజు కథ: డాక్టరూ అదే, టీచరూ అదే, వకీలూ అదే, కొద్ది ఏళ్లలో పేదరికమే ఉండదు. రెండోది భయం కథ: ఉద్యోగాలన్నీ పోతాయి, ఆ తర్వాత మనిషే పోతాడు. 2023 మార్చిలో ఇలాన్ మస్క్, యోషువా బెంజియో వంటివారు అతి శక్తిమంతమైన నమూనాల శిక్షణను ఆరు నెలలు ఆపాలని బహిరంగ లేఖ రాశారు. మే నెలలో ఇంకో ప్రకటన వచ్చింది, ఏఐ వల్ల మానవజాతి అంతరించే ముప్పును అణుయుద్ధంతో సమానంగా పట్టించుకోవాలని. దాని మీద సంతకం పెట్టినవారిలో జెఫ్రీ హింటన్ లాంటి శాస్త్రవేత్తలతో పాటు ఆ యంత్రాలను తయారు చేసే కంపెనీల అధిపతులూ ఉన్నారు. ప్రపంచాన్ని ముంచేంత బలమైనదని చెప్పడం కూడా సరుకుకు ఒక రకం ప్రచారమే అన్న అనుమానం అప్పుడే చాలామందికి వచ్చింది. హింటన్, బెంజియోల చిత్తశుద్ధిని శంకించాల్సిన పని లేదు. అయినా మోజు కథలోనూ భయం కథలోనూ వ్యాకరణం ఒక్కటే. రెండింటిలోనూ కర్త యంత్రమే: ఏఐ ఇస్తుంది, ఏఐ తీసేస్తుంది. కొనేవాడు, పెట్టేవాడు, కూలి కట్టేవాడు, ఒప్పందం రాసేవాడు వాక్యంలో ఎక్కడా కనబడరు.

జోస్యాల చరిత్ర కూడా అంత గొప్పగా ఏమీ లేదు. మనిషి చేసే ఏ పనినైనా యంత్రం ఇరవై ఏళ్లలో చేయగలదని హెర్బర్ట్ సైమన్ 1965లో రాశాడు. ఎక్స్‌రేలు, స్కాన్‌లు చదివే రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయవచ్చని హింటనే 2016లో అన్నాడు. వాళ్లకు గిరాకీ తగ్గలేదు, పెరిగింది. అమెరికాలో 47 శాతం ఉద్యోగాలకు గట్టి ముప్పు ఉందని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్బర్న్ 2013లో లెక్క తేల్చారు. ఉద్యోగాన్ని మొత్తంగా కాక, అందులోని పనులను విడివిడిగా తూచి చూస్తే ఆ ముప్పు తొమ్మిది శాతమేనని 2016లో ఓఈసీడీ కోసం చేసిన అధ్యయనం చెప్పింది. ప్రపంచంలో దాదాపు 40 శాతం ఉద్యోగాలకు ఏఐ తాకిడి ఉంటుందని 2024లో అంతర్జాతీయ ద్రవ్యనిధి చెప్పినప్పుడు, తాకిడి అన్న మాట చాలామంది చెవుల్లోకి ‘పోవడం’గా చేరింది. తాకిడిలో పని తేలికవడమూ ఉంటుంది, పని పోవడమూ ఉంటుంది. ఎవరికి ఏది దక్కుతుందన్నదే అసలు తగాదా.

ఆ తగాదా ముంబైకి కొత్త కాదు. నిజాం ఇలాకా నుంచి వచ్చి బొంబాయిని కట్టిన కామాఠీ కూలీల పేరే కామాఠీపురాకు మిగిలింది. వాళ్ల తర్వాత మిల్లుల్లోని నేత ఖాతాలకు తెలంగాణ పద్మశాలీలు వచ్చారు. బొగ్గుబాయి, దుబాయి, బొంబాయి అని తెలంగాణ తన వలసను తలచుకునేటప్పుడు చెప్పే మూడు చోట్లలో ఈ మిల్లులది పెద్ద వాటా. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన చాళ్లలో వర్లివే ఎక్కువ, 121 భవనాలు. ఒక్కో కుటుంబానికి దక్కింది 160 చదరపు అడుగుల గది. ఆ గోడల సున్నం ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే, 1928లో, మిల్లు యజమానులు ‘రేషనలైజేషన్’ అనే పథకం తెచ్చారు. అంతవరకు రెండు మగ్గాలు చూసుకునే నేతగాడు ఇకపై మూడు చూడాలి. ఆరు మగ్గాలకు ముగ్గురు కావలసిన చోట ఇద్దరు చాలు. జపాన్‌లో ఒక్కొక్కరు ఇంతకన్నా ఎక్కువ మగ్గాలు నడుపుతున్నారని యజమానుల వాదన. అక్కడి నూలు మంచిది, ఇక్కడి నూలు మాటిమాటికి తెగుతుంది, తెగిన ప్రతి పోగునూ అతికేది మా వేళ్లేనని కార్మికుల జవాబు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా దాదాపు లక్షన్నర మంది పనిలోకి పోలేదు. గిరణీ కామ్‌గార్ యూనియన్‌కు బలం వచ్చింది ఆ సమ్మెతోనే. చివరికి ఫాసెట్ కమిటీ వేశారు. పథకం సూత్రప్రాయంగా తప్పు కాదని, అయితే కొన్ని షరతులు ఉండాలని ఆ కమిటీ తేల్చింది.

ఈ కథలో నాకు ఆసక్తిగా తోచేది ఒకటుంది. ఆ ఆరు నెలల పోరాటంలో కొత్త యంత్రమే లేదు. అదే మగ్గం, అదే షెడ్డు, అదే నూలు. మారింది మనిషికీ మగ్గానికీ మధ్య లెక్క ఒక్కటే. ఆ లెక్కను శాస్త్రీయమనీ, అనివార్యమనీ, ప్రపంచమంతా అటే పోతోందనీ చెప్పారు. ఈనాటి మాటల్లో చెబితే, ఉత్పాదకత పెంచుకున్నారు. సాంకేతికత పేరు చెప్పి అధిక పని మోపడానికి కొత్త సాంకేతికత ఉండి తీరాలన్న నియమం ఏమీ లేదని వర్లి మిల్లులు దాదాపు వందేళ్ల కిందటే చూశాయి.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. ఇలా ప్రతి యంత్రాన్నీ కార్మికులు ఎదిరిస్తూ పోతే దేశం ముందుకు ఎలా పోతుంది, కంప్యూటర్లు వచ్చినప్పుడు కూడా యూనియన్లు ఇలాగే గగ్గోలు పెట్టాయి కదా, చివరికి ఆ కంప్యూటరే కదా తెలుగు పిల్లల్ని ప్రపంచమంతా తిప్పింది అని. నిజమే, ఆ భయాల్లో చాలా భాగం తప్పింది. కానీ యూనియన్లు గగ్గోలుతోనే సరిపెట్టుకున్నాయన్న మాట సగం నిజం. 1960లలో ఎల్‌ఐసీలో యంత్రాలకు వ్యతిరేకంగా పెద్ద ఆందోళన నడిచింది. కేంద్రం ఆర్థికవేత్త దాండేకర్ అధ్యక్షతన ఆటోమేషన్ మీద కమిటీ వేయగా, 1972లో నివేదిక వచ్చింది. బ్యాంకుల్లో 1983 సెప్టెంబర్ 8న యాజమాన్యాల సంఘానికీ యూనియన్లకూ ఒప్పందం కుదిరింది. ఎలాంటి యంత్రాలు, ఎన్ని, ఎక్కడ పెట్టాలి, నడిపేవారికి ఎంత ప్రత్యేక అలవెన్సు అన్నవి అందులో రాసుకున్నారు. బ్యాంకుల్లో మనుషులు తగ్గలేదని నేననను. 2000-01లో స్వచ్ఛంద విరమణ పథకం కింద ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచి సుమారు లక్ష మంది బయటికి వచ్చారు. అయితే ఆ రెండు తేదీల మధ్య పదిహేడేళ్లకు పైగా వ్యవధి దొరికింది, వెళ్లినవాళ్లు చేతిలో సొమ్ముతో వెళ్లారు. అదే 1980లలో, అదే నగరంలో, గిరణీ కార్మికుడు భార్యాపిల్లలతో ఊరి బండి ఎక్కినప్పుడు అతని చేతిలో ఏముంది? యంత్రం ఎంత తెలివైనదన్నది ఈ రెండు గతుల మధ్య తేడాను చెప్పలేదు. బేరమాడే బలం ఎవరికెంత ఉందన్నదే చెబుతుంది.

అలా ఊళ్లకు తిరిగి వెళ్లిన మిల్లు కార్మికుల్లో కొందరు సిరిసిల్లలో సాంచాల మీద కూర్చున్నారు. ఆ పట్టణం ఇంకో పాఠం చెబుతుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు అక్కడికి ఇచ్చాక సాంచాలు ఊపిరి పోసుకున్నాయి. 2024లో ఆ ఆర్డరు ఆగాక మళ్లీ చప్పుడు తగ్గింది. మళ్లీ వేరే పేరుతో మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది. ఈ మధ్యలో మగ్గం మారలేదు, దాని వేగమూ మారలేదు.

అసలు గట్టి అభ్యంతరం ఇది: మగ్గం చేతి పనిని తీసుకుంది, కంప్యూటర్ లెక్కను తీసుకుంది, కృత్రిమ మేధ ఆలోచననే తీసుకుంటోంది, కాబట్టి పాత పోలికలు చెల్లవు. ఇందులో బలం ఉంది. రాయడం, అనువదించడం, ప్రోగ్రాం రాయడం, ఫోన్‌లో ఖాతాదారుకు జవాబివ్వడం, ఇలా ఒకదానికొకటి సంబంధం లేని పనులన్నింటినీ ఒకే యంత్రం ఒకేసారి తాకడం ముందెన్నడూ జరగలేదు. మిల్లు కార్మికుల మనవలు ఎక్కిన మెట్లు సరిగ్గా ఇవే. వేగం కూడా వేరు. మగ్గం ఓడలో వచ్చేది, ఇది రాత్రికి రాత్రి అన్ని ఆఫీసులకూ చేరుతుంది. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా ఆఫీసుల్లో ఏం జరుగుతోందో చూడాలి. స్వీడన్ కంపెనీ క్లార్నా తన ఏఐ సహాయకుడు 700 మంది ఏజెంట్ల పని చేస్తోందని 2024లో చాటింది. మరుసటి ఏడాది ఖాతాదారుల సేవకు మళ్లీ మనుషుల్ని తీసుకుంటామని చెప్పింది. ముంబైలోనే ప్రధాన కార్యాలయం ఉన్న టీసీఎస్ 2025 జూలైలో తన సిబ్బందిలో రెండు శాతాన్ని, దాదాపు 12 వేల మందిని తగ్గిస్తానంది. జనం వెంటనే ఏఐ మీద పడ్డారు. ఇది ఏఐ తెచ్చిన ఉత్పాదకత వల్ల కాదని, నైపుణ్యాలు పొసగకపోవడం వల్లనని సీఈఓ కృతివాసన్ చెప్పారు. ఆ మాటను ఎంతవరకు నమ్మాలో పాఠకుడి ఇష్టం. అయితే కంపెనీయే కాదంటున్నా యంత్రమే తీసేసిందని జనం వెంటనే నమ్మేయడం చూస్తే, ఈ భయం యాజమాన్యాలకు ఎంత సౌకర్యంగా ఉందో తెలుస్తుంది. యంత్రాన్ని ఎవరూ గేటు దగ్గర నిలదీయలేరు.

మానవజాతి అంతం గురించిన భయాన్ని కొట్టిపారేయమని కాదు. దాని మీద పరిశోధన జరగాలి, జరుగుతోంది. కానీ రేపటి మహాయంత్రం మీద చూపు నిలిపితే ఇవాళ్టి చిన్న యంత్రం చేసేది కంటికి ఆనదు. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ ఉంది. పలు ప్రభుత్వ శాఖల రికార్డులను పేరు, చిరునామా వంటి ఆనవాళ్లతో జతచేసి ఒక కుటుంబానికి కారుందో, ఇల్లుందో, ఉద్యోగముందో అది లెక్కగడుతుంది. రాష్ట్రంలో 2014-19 మధ్య 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు నోటీసు లేకుండా రద్దయ్యాయి. ఆ ఏరివేతలో ఈ లెక్కల పాత్ర ఉంది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒక మనిషి ఇంటికి కారున్నట్టు తేలింది, రేషన్ అందలేదు. 2022లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమంది. ఈ వ్యవస్థకు మనిషిని మించిన తెలివి ఏమీ లేదు. తెలివి తక్కువగా ఉండడమే దాని ప్రమాదం, దాని మాటను తహసీల్దారు కన్నా ఎక్కువ నమ్మడం ఇంకా పెద్ద ప్రమాదం. కార్డు పోయినవాళ్లకు ‘కంప్యూటర్‌లో అలా ఉంది’ అన్న జవాబు దొరికింది. ఆ వాక్యంలోనూ కర్త యంత్రమే.

ముఖం, గొంతు దొంగతనమూ ఇదే కోవలోకి వస్తుంది. 2023 నవంబర్‌లో నటి రష్మిక మందన్న ముఖం అతికించిన నకిలీ వీడియో దేశమంతా తిరిగింది. 2024 జూలైలో బాంబే హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అనుమతి లేకుండా ఏఐతో పుట్టించడాన్ని నిలిపింది. పేరున్నవాళ్లకు కోర్టు దొరికింది. డబ్బింగ్ చెప్పి బతికే మామూలు కళాకారుడికి కావలసింది కోర్టు కన్నా ముందు, సంతకం పెట్టే కాగితంలో ఒక వాక్యం. హాలీవుడ్ రచయితలు 2023లో 148 రోజులు సమ్మె చేసి సరిగ్గా అలాంటి వాక్యాలనే రాయించుకున్నారు: ఏఐని వాడి తీరాలని రచయితను బలవంతపెట్టకూడదు, యంత్రం రాసినదాన్ని ఇస్తే ఆ సంగతి చెప్పాలి. వాళ్లు ఏఐని నిషేధించమని అడగలేదు. 1928 కార్మికులు కూడా మగ్గాన్ని పగలగొట్టమనలేదు. మూడో మగ్గం ఏ షరతుల మీద అన్నదే వాళ్లడిగింది.

ఆ ప్రశ్న మన చట్టంలో ఇప్పటికీ బతికే ఉంది. కార్మికులను తొలగించే పరిస్థితి తెచ్చే రేషనలైజేషన్, యంత్రాల లేదా పద్ధతుల మెరుగుదల ఏదైనా సరే, 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని పారిశ్రామిక వివాదాల చట్టం 1956 సవరణతో చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ మాటను దాదాపు అలాగే ఉంచింది. ఆఫీసులోకి తెచ్చే ఏఐకి ఇది వర్తించదనడానికి చట్టంలోని పదాల్లో ఏమీ లేదు. చిక్కు ఇంకో చోట ఉంది. ఈ రక్షణ ‘కార్మికుడి’కే. మేనేజర్లు, నెలకు 18 వేలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు ఆ నిర్వచనంలోకి రారు. ఐటీ కంపెనీలు తమ సిబ్బందిలో పెద్ద భాగాన్ని ఆ గీతకు అవతల నిలబెట్టడానికే చూస్తాయి. టీసీఎస్ తొలగింపుల మీద పుణె కేంద్రంగా పనిచేసే ఐటీ ఉద్యోగుల సంఘం నైట్స్ కేంద్ర కార్మిక మంత్రికి ఫిర్యాదు చేసింది. పదివేల మందికి పైగా ఉద్యోగులు కార్మికులా, కాదా అన్న ఆ వాదన కృత్రిమ మేధ మీద జరిగే సదస్సుల్లో ఎక్కడా వినబడదు. లేబర్ కమిషనర్ కార్యాలయాల్లో వినబడుతుంది.