మీకు తెలుసా? సెల్లార్‌లో ఫ్లష్ నొక్కితే మురుగు పైకెక్కాలి!

ఇబ్రహీంపట్నంలో ఇల్లు బాగు చేయిస్తున్నారా? ఖాళీగా ఉన్న సెల్లార్‌లో కొత్త బాత్రూం వేయిద్దామనుకుంటున్నారా? మేస్త్రీ సిమెంటు కలపకముందే ఇవి చదివేయండి!

నీరు పల్లమెరుగు. కానీ సెల్లార్ కంటే పల్లం ఎక్కడుంది? సెల్లార్ నేల రోడ్డుకు 8 అడుగుల లోతులో ఉందనుకోండి. సెప్టిక్ ట్యాంకులోకి వెళ్లే పైపేమో అంతకంటే ఎంతో పైన ఉంటుంది! అంటే మురుగు పైకెక్కాలి! దానంతటది ఎక్కదు కదా, పంపు పెట్టి ఎక్కించాల్సిందే!

ఆ పంపుల్లో ఒక రకానికి లోపల మిక్సీ లాంటి బ్లేడు ఉంటుంది, తెలుసా? మలాన్ని క్షణాల్లో మెత్తగా నూరేస్తుంది! ఆ తర్వాత సన్నటి పైపులోంచి కూడా పైకి తోసేస్తుంది! ఫ్రాన్స్‌లో 1958లోనే దీన్ని తయారు చేశారు! ఒక్కటి గుర్తుంచుకోండి. కరెంటు పోతే ఇది ఆగిపోతుంది!

మీ లైను వీధి డ్రైనేజీకి కలిపి ఉందా? కుండపోత వానకు వీధిలో చాంబర్ నిండి పొంగితే ఆ మురుగు ముందు ఎక్కడికొస్తుంది? ఆ లైనులో అన్నిటికంటే కింద ఉన్న కమోడ్‌లోకి! అంటే నేరుగా మీ సెల్లార్‌లోకే! దాన్ని ఆపడానికి పైపులో 1 నాన్ రిటర్న్ వాల్వ్ చాలు! నీటిని బయటికి పోనిస్తుంది. వెనక్కి మాత్రం రానివ్వదు!

కింద నేల పగలగొట్టకుండానే కమోడ్ బిగించొచ్చు! షాపులో పీ-ట్రాప్ కమోడ్ అడగండి. దాని గొట్టం నేలలోకి దిగదు, గోడలోకి వెళుతుంది! మన దగ్గర దొరికే చాలా మోడళ్లలో ఆ గొట్టం నడిమధ్య ఎత్తు 180 మిల్లీమీటర్లు! అదీ టైల్స్ వేశాక లెక్క! టైల్స్ మందం మరిచి కొలిచారో, కమోడ్ కూర్చోదు!

కమోడ్ పైపుకు వాలు ఎంతుండాలో చెప్పుకోండి చూద్దాం! నాలుగంగుళాల పైపు అయితే 40 అడుగుల పొడవుకు అడుగు దిగితే చాలు! కంటికి ఆనదు కదూ! కానీ ఆ కాస్త వాలు తగ్గితే నీళ్లు వెళ్లిపోతాయి, మలం పైపులోనే ఉండిపోతుంది!

మూల తిరిగే చోట ప్లంబర్ ఒకే ఎల్బో వేస్తున్నాడా? ఆపండి! రెండు 45 డిగ్రీల బెండ్లు వేయమనండి! తిరిగేది అదే మూల. కానీ మురుగు గోడకు కొట్టుకున్నట్టు ఆగదు, జారిపోతుంది!

బాత్రూంలోకి కంపు రాకుండా కాపాడేదేంటో తెలుసా? తలుపు కాదు, ఫినాయిలూ కాదు! కమోడ్ వంపులో నిలిచే 50 మిల్లీమీటర్ల నీళ్లు! పైపులోని దుర్వాసనంతా ఆ నీటికి అవతలే ఆగిపోతుంది!

ఆ వంపు పైపుకు పేటెంటు తీసుకున్నది ఎవరనుకున్నారు? ఒక గడియారాల మేస్త్రీ! పేరు అలెగ్జాండర్ కమింగ్. లండన్‌లో, 1775లో! ఇప్పటికీ మీ ఇంటి కమోడ్‌లో ఉన్నది ఆ ఉపాయమే!

సెల్లార్ బాత్రూం ఎవరూ వాడకపోయినా కంపు కొడుతోందా? నేల జాలీ కింద ఉండే నహాని ట్రాప్‌లో నీళ్లు ఆవిరైపోయాయన్నమాట! ప్లంబర్ అక్కర్లేదు, ఖర్చూ లేదు! వారానికి 1 చెంబు నీళ్లు పోయండి. కంపు మాయం!

మామూలు పాత ఫ్లష్ ట్యాంకులు ఒక్కసారికి పది లీటర్లు గుమ్మరిస్తాయి. మరి పల్లెల్లో వాడే గ్రామీణ పాన్‌కు ఎన్ని కావాలి? 2 లీటర్లు చాలు! పాన్ వాలు నిటారుగా ఉంటుంది, అదే రహస్యం! నీటి ఎద్దడి ఉన్న చోట ఇది వరమే!

ఇక సెప్టిక్ ట్యాంకుకు గుంత తవ్వుదాం! నాలుగడుగులు దిగకముందే గడ్డపార ఠంగుమన్నా ఆశ్చర్యపోకండి. మన రంగారెడ్డి నేల కింద ఉన్నది గ్రానైట్! దాని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు! డైనోసార్ల కంటే ఎంతో ముందు పుట్టిన రాయి మీద మీ సెప్టిక్ ట్యాంకు కూర్చుంటోంది!

సెప్టిక్ ట్యాంకులో జీతం లేని పనివాళ్లున్నారు! గాలి లేకపోయినా బతికే సూక్ష్మజీవులు! మురుగు కనీసం 24 గంటలు ట్యాంకులో నిలిస్తేనే వాటి పని సాగుతుంది! కమోడ్‌లో సీసాల కొద్దీ యాసిడ్ పోశారో, ఆ పనివాళ్లంతా చచ్చిపోతారు!

రెండు గుంతల మరుగుదొడ్డిలో మలం ఎరువైపోతుందంటే నమ్ముతారా? ఒక గుంత నిండాక మూసేస్తారు, రెండోది వాడుకుంటారు. ఏడాది పైన గడిస్తే మూసిన గుంతలో వాసన లేని నల్లటి ఎరువు! 2017లో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి దాన్ని తోడి చూపించారు!

మన ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. వయసు 400 ఏళ్లు దాటింది! అన్నేళ్లుగా ఊరిని కాపాడిన నీరది. మీ ట్యాంకుకు పగులుంటే మురుగు భూమిలోకే ఇంకుతుంది. బోర్లలోకీ, చెరువులోకీ అక్కడి నుంచే చేరుతుంది! ట్యాంకును గట్టిగా కట్టించండి, చెరువును కాపాడండి!

ఇది మాత్రం అందరికీ చెప్పండి! సెప్టిక్ ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. గాలిలో పది లక్షల వంతుల్లో 100 వంతులకు చేరిందా, ముక్కు మొద్దుబారిపోతుంది! వాసన పోయిందని మనిషి ధైర్యంగా దిగుతాడు. అదే ప్రాణం తీస్తుంది!

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం నేరం, తెలుసా? చట్టం వచ్చింది 2013లో! ఆ చట్టం కోసం ఏళ్ల తరబడి పోరాడిన వారిలో ముందున్నది మన తెలుగువాడే! కోలార్ బంగారు గనుల ఊళ్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్! రామన్ మెగసెసే అవార్డు అందుకున్న మనిషి!

మరి ట్యాంకు నిండితే ఏం చేయాలి? ఫోన్ తీయండి, 14420 నొక్కండి! సెప్టిక్ ట్యాంకుల కోసం కేంద్రం పట్టణాలకిచ్చిన హెల్ప్‌లైన్ అది! పంపున్న లారీ పీల్చేసే పనికి మనిషి ప్రాణం ఎందుకు పెట్టాలి? ఆ నంబరు ఇప్పుడే రాసుకోండి. మీ మేస్త్రీకీ, పక్కింటివాళ్లకీ ఇచ్చేయండి!