టర్ఫ్ పిచ్: పిల్లల్ని సమ్మర్ క్యాంప్‌లో చేర్పిస్తున్నారా..? ఆ పచ్చ కార్పెట్ కింద ఏముందో చూశారా?

ఎండాకాలం సెలవులొస్తే చాలు.. క్రికెట్ కోచింగ్ సెంటర్లు కిటకిటలాడతాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ.. ఎక్కడ చూసినా 'టర్ఫ్ పిచ్‌పై శిక్షణ' అనే బోర్డులే. అయితే ఆ టర్ఫ్ అన్నిచోట్లా ఒకటి కాదు.

అసలు పేరులోనే తిరకాసు ఉంది. క్రికెట్ భాషలో టర్ఫ్ వికెట్ అంటే మట్టి, గడ్డితో తయారుచేసిన సహజమైన పిచ్. ఎంసీసీ రూల్ బుక్ అయితే కృత్రిమ పిచ్‌ను 'నాన్ టర్ఫ్' అనే అంటుంది. మన దగ్గర మాత్రం బాక్స్ క్రికెట్ వచ్చాక టర్ఫ్ అంటే ప్లాస్టిక్ గడ్డే అయిపోయింది. అందుకే ఫీజు కట్టేముందు మట్టి పిచ్చా, కార్పెట్టా అని అడగాల్సిందే.

కార్పెట్‌లోనూ తేడాలున్నాయి. బాక్స్ క్రికెట్‌లో వేసేది ఎక్కువగా ఫుట్‌బాల్‌కు వాడే రకం. గడ్డి పొడవుగా ఉంటుంది, మధ్యలో ఇసుక, రబ్బరు గుళికలు పోస్తారు. టెన్నిస్ బాల్‌తో ఆడుకోడానికి బాగానే ఉంటుంది కానీ లెదర్ బాల్‌కు సరైన బౌన్స్ రాదు. నెట్స్‌లో వేసే క్రికెట్ కార్పెట్ వేరు. దాని గడ్డి సుమారు 10 మిల్లీమీటర్లే, దట్టంగా ఉంటుంది. కింద కాంక్రీట్, కొన్నిచోట్ల మధ్యలో మెత్తటి షాక్ ప్యాడ్. బంతి ఎంత లేస్తుందనేది చాలావరకు ఈ కింది పొరల మీదే ఆధారపడుతుంది. ఇక 2024లో ధర్మశాల స్టేడియంలో వేసిన హైబ్రిడ్ పిచ్‌ది వేరే కథ. అందులో ప్లాస్టిక్ నార 5 శాతమే, మిగతాదంతా అసలు గడ్డే.

మట్టి పిచ్‌కు నీళ్లు పట్టాలి, రోలర్ తిప్పాలి, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. రోజూ పదుల కొద్దీ పిల్లలు ఆడితే తట్టుకోదు. కార్పెట్‌కు ఆ బాధ లేదు, వాన పడినా త్వరగా ఆరిపోతుంది. కోచింగ్ సెంటర్లు దీన్నే ఎంచుకోవడానికి కారణం ఇదే.

చిక్కంతా బౌన్స్ దగ్గరే వస్తుంది. కార్పెట్‌పై బంతి దాదాపు ఒకే ఎత్తులో వస్తుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకు షాట్లు తొందరగా పట్టుబడతాయి. మట్టి పిచ్‌పై అలా కుదరదు. తేమ ఉంటే ఒకలా, పగుళ్లు వస్తే ఇంకోలా.. ఒక బంతి ఎగురుతుంది, ఇంకోటి కిందకి జారిపోతుంది. నెట్స్‌లో దంచికొట్టిన కుర్రాడు మ్యాచ్‌లో ఎల్బీ అయిపోవడానికి ఇదీ ఒక కారణమే. వారంలో ఒకట్రెండు రోజులైనా మట్టి పిచ్‌పై ఆడిస్తారా అన్నది అడగండి.

పేస్ బౌలర్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. చాలా నెట్స్‌లో బ్యాటర్ వైపు మాత్రమే కార్పెట్ ఉంటుంది. బౌలర్ కాలు పడేచోట వట్టి సిమెంటే! రోజూ దానిపై బౌలింగ్ చేస్తే మోకాళ్లు, చీలమండలు, నడుముపై భారం పడుతుంది. ఇనుప స్పైక్స్‌తో కార్పెట్ చిరుగుతుంది కాబట్టి రబ్బరు స్టడ్స్ ఉన్న బూట్లే కొనాలి.

మరోటి.. ఎండ. మే నెల మధ్యాహ్నం ప్లాస్టిక్ గడ్డి వేడి 60 డిగ్రీలు దాటిపోగలదు. నీళ్లు చల్లినా కాసేపే చల్లదనం. ఉదయం 9లోపు లేదా సాయంత్రం 5 దాటాక ఉండే బ్యాచ్‌లే పిల్లలకు మంచిది.