పేరు తెలిసిన యంత్రమునకు సర్వనామము తెలియునా?

ఒక ఉన్నత పాఠశాలలో విద్యార్థుల హాజరును కంప్యూటరు నమోదుచేసి, తల్లిదండ్రులకు తానే సందేశములు పంపుచున్నదని అనుకొందము. "జ్యోతి ఈరోజు బడికి రాలేదు" అని పంపుటకు దానికి ఏ చిక్కును లేదు. మరునాడు జ్యోతి పది నిమిషములు ఆలస్యముగా వచ్చినచో చిక్కు మొదలగును. "వచ్చాడు" అని వ్రాయవలెనా, "వచ్చింది" అనవలెనా? పేరును బట్టి ఊహింపవచ్చునని కొందరు తలంతురు. తెలుగువారిలో జ్యోతి అనునది సాధారణముగా స్త్రీల పేరు. కాని 1977 నుండి 2000 వరకు పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రిగా ఉన్న జ్యోతి బసు పురుషుడు. కిరణ్, శశి వంటి పేర్లు మన ఊళ్లలోనే ఇరువురకును కలవు. కావున పేరు నమ్మదగిన ఆధారము కాదు.

ఈ చిక్కు ఒక్కొక్క భాషలో ఒక్కొక్క చోట ఉండును. "జ్యోతి తన ఫోటో మార్చింది" అను వాక్యమును చూడుడు. ఇందులో "తన" అను మాట స్త్రీపురుషులకు సమానమే; భేదమంతయు క్రియ చివర ఉన్నది. ఇదే వాక్యమును ఆంగ్లమున చెప్పినచో క్రియ మారదు. "తన" అనుటకు మాత్రము "హిజ్", "హర్", "దెయిర్" అను మూడింటిలో ఒకదానిని ఎన్నుకొనవలెను. అందుచే ఆంగ్లమునకై సర్వనామమునకు మాత్రమే ఖాళీ విడిచి వ్రాసిన ప్రోగ్రాము తెలుగునకు పనికిరాదు. ఆంగ్లమునందును అది ఎల్లప్పుడు చాలదు. "హీ" తీసి "దే" పెట్టినపుడు, దాని వెంటనున్న "ఈజ్" కూడ "ఆర్" కావలెను గదా!

మన వ్యాకరణము ప్రకారము మహతీవాచకములు ఏకవచనమున అమహత్తులతోను, బహువచనమున మహత్తులతోను కలియును. "ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది" అనువానిలో క్రియ ఒక్కటే. "వారు వచ్చారు" అనునది స్త్రీలకును పురుషులకును చెల్లును. గౌరవార్థమున ఒక్కరికిని చెల్లును. గ్రాంథికమునందలి "వచ్చెను" అను రూపమున ఏకవచనమున ఈ భేదము లేదు గాని, నేటి సందేశములలో దానిని ఎవరును వాడరు.

మరి ప్రోగ్రాము వ్రాయువారు ఏమి చేయవలెను? ఖాళీలో ఒక్క మాటను ఇముడ్చుటకు బదులు, ప్రతి సందేశమునకును పూర్తి వాక్యములు మూడింటిని సిద్ధపరచి, వాడుకరి కోరికను బట్టి ఒకదానిని ఎన్నుకొనునట్లు చేయవలెను. వికీపీడియాను నడపు మీడియావికీ సాఫ్ట్‌వేరులో ఇట్టి ఏర్పాటు కలదు. తమ్ము ఏ విధముగా పేర్కొనవలెనో వాడుకరి తన అభిరుచులలో తెలుపవచ్చును, తెలుపకయు ఉండవచ్చును. అనువాదకులు ఆ మూడు స్థితులకును తమ భాషకు తగిన రూపములు వ్రాయుదురు. ఖాళీ ఎక్కడ ఉండవలెనో నిర్ణయించునది ఆయా భాషయే.

ఇక ఆ కోరికను తెలిసికొనుట ఎట్లు? వాడుకరినే అడుగవలెను. జనన పత్రములోని లింగమును చూచి సర్వనామమును నిర్ణయించుట సరికాదు. అవి రెండు వేర్వేరు ప్రశ్నలు. 2014 ఏప్రిల్ 15న మన సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయమున తీర్పునిచ్చుచు, తన లింగ గుర్తింపును తానే నిర్ణయించుకొను హక్కు వ్యక్తికి కలదని చెప్పినది. అదే సంవత్సరము ఫేస్‌బుక్ అమెరికాలోని ఆంగ్ల వాడుకరులకు లింగము తెలుపుటకు అనేక పదములను, దానితోపాటు "హీ", "షీ", "దే" అను మూడు సర్వనామములలో ఒకదానిని ఎన్నుకొను వీలును కల్పించినది.

ఏమియు తెలుపని వారిని యంత్రము "వారు" అని పేర్కొనుట మర్యాద. వాక్యమునే మార్చి, "జ్యోతి రాక ఈరోజు ఆలస్యమైంది" అని వ్రాసినచో ఏ భేదమును కనబడదు. అయితే "ఆమె" అని స్పష్టముగా కోరిన వారిని కూడ "వారు" అని దాటవేయుట ఆ కోరికను మన్నించుట కాదు.

కోరిక మారవచ్చును కూడ. అందుచే తయారైన వాక్యమును భద్రపరుపరాదు. ఎవరు, ఎప్పుడు, ఏమి చేసిరి అను సమాచారమును మాత్రమే దాచి, చూపునపుడు వాక్యమును కూర్చవలెను. అట్లయినచో కోరిక మారిననాడు పాత సందేశములును తామే సరియగును.

అన్నిటికంటె జాగ్రత్త వహింపవలసిన విషయము మరియొకటి కలదు. ఒక విద్యార్థి తన సర్వనామమును తోటివారి ఎదుట వాడుకొనుటకు మాత్రమే తెలిపియుండవచ్చును. యంత్రము దానినే తండ్రికి పంపు సందేశములో వాడినచో, ఆ బిడ్డ తాను సిద్ధపడకమునుపే ఇంటిలో ప్రశ్నలకు గురియగును. అది ఒక్కొక్కప్పుడు చదువునకే ముప్పు తేవచ్చును. కనుక ఏ సర్వనామము అనుటతోపాటు, అది ఎవరికి కనబడవచ్చును అనుటయు అడుగవలెను. ఈ ప్రశ్నలకు సమాధానమిచ్చుట తప్పనిసరి చేయరాదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేయించి చూడవచ్చును. "బహుమతి గెలిచాడు", "ఫీజు కట్టలేదు", "రేపు పాడుతుంది", "ఊరికి వెళ్లాలి" వంటి పది వాక్యములను బల్లపై వ్రాసి, వానిలో ఏవి వ్యక్తిని బట్టి మారునో, ఏవి మారవో విద్యార్థులను విడదీయుమనుడు. మారువానికి మూడేసి రూపములు వ్రాయించుడు. తెలుగు వ్యాకరణ పాఠమును, ప్రోగ్రాము రచనలోని మొదటి పాఠమును ఆ ఒక్క గంటలోనే జరుగును.