గరిష్ఠ ధర ఎవరికి దక్కింది?

తిరుమలగిరి మార్కెట్ యార్డు నుంచి సాయంత్రం ఊళ్లకు చేరే కబురులో ఒక్క అంకె ఉంటుంది. "ఇయ్యాల వడ్లకు ఇంత పడ్డదట!" ఆ పడ్డ రేటు తరచూ గరిష్ఠ ధరే. అది ఎన్ని రాశులకు పడిందో ఎవరూ అడగరు. మార్కెట్ పరిశోధనలో మొదటి పాఠం మాత్రం ఆ ప్రశ్నే.

ఆ పాఠానికి తిరుమలగిరి కంటే తగిన చోటు వెతకనక్కర్లేదు. 2016 ఏప్రిల్ 14న కేంద్రం జాతీయ వ్యవసాయ మార్కెట్‌ను, అంటే ఈ-నామ్‌ను మొదలుపెట్టినప్పుడు ఎనిమిది రాష్ట్రాల నుంచి 21 మార్కెట్లను తీసుకుంది. తెలంగాణవి అయిదు: హైదరాబాద్, వరంగల్, నిజామాబాద్, బాదేపల్లి, అప్పటి నల్లగొండ జిల్లాలోని తిరుమలగిరి.

గేటు దగ్గర రైతు పేరు, సరుకు, బస్తాలు నమోదై లాట్ నంబరు పడుతుంది. రాశి పోశాక ఖరీదుదారు గుప్పెడు గింజలు తీసి అరచేతిలో నలిపి, ఊది, ఒకటి పంటికింద పెట్టి చూస్తాడు. తేమ, తాలు అక్కడే సగం తేలిపోతాయి. తర్వాత ఫోన్లో ధర కోట్ చేస్తాడు. టెండర్ తెరిచాక కాంటా, ఆపైన తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ. రోజు ముగిసేసరికి ఇదంతా కరిగి మూడు అంకెలవుతుంది: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్.

ఒక లెక్క వేద్దాం. పది రాశులు వచ్చాయనుకోండి. ఏడింటికి క్వింటాకు 2,050 రూపాయలు, మిగతా మూడింటికి 1,700, 2,200, 2,700 పడ్డాయి. ఊరికి చేరే కబురు 2,700. మామూలు సగటు 2,095. ఎక్కువ రాశులు అమ్ముడైన మోడల్ ధర 2,050. ఇప్పుడు బరువు కూడా చూడండి. 2,700 పలికిన రాశి అయిదు క్వింటాళ్లే, మిగతావి తలా నలభై అయితే, క్వింటాకు నిజంగా చేతులు మారిన సొమ్ము సుమారు 2,037. ఏ అంకె కూడా అబద్ధం కాదు. కానీ రేపు ట్రాలీ కట్టాలా వద్దా అని తేల్చుకునే రైతుకు 2,700 పనికిరాదు. ఆ రాశి తేమెంతో, రకమేదో తెలిస్తే మాత్రం చాలా పనికొస్తుంది.

లెక్కలోకి రానివి ఇంకా పెద్ద చిక్కు. ఐకేపీ కొనుగోలు కేంద్రాల్లో ప్రభుత్వ మద్దతు ధరకు అమ్మిన వడ్లు యార్డు గేటు దాటవు. అక్కడ తేమ 17 శాతానికి మించకూడదు. కాబట్టి ఆరబెట్టుకునే జాగా, ఆగే ఓపిక ఉన్నవాళ్లు అటు పోతారు; అర్జెంటుగా డబ్బు కావలసినవాళ్లు, పచ్చి వడ్లు ఉన్నవాళ్లు ఇటొస్తారు. యార్డు రాబడి తగ్గిందని పంట తగ్గిందనుకున్నా, యార్డు ధర చూసి మండలంలో రైతులందరికీ అంతే వచ్చిందనుకున్నా పప్పులో కాలేసినట్టే. పత్రికల్లో మేం రాసే ధరల వార్తల్లోనూ ఈ తేడా కనపడదు.

సర్వేలదీ ఇదే కథ. 2021లో దళితబంధును ప్రయోగాత్మకంగా అమలు చేయడానికి ఎంచుకున్న నాలుగు మండలాల్లో తిరుమలగిరి ఒకటి. అప్పట్లో ఆ పథకం కింద ఒక్కో దళిత కుటుంబానికి పది లక్షల సాయం. ఏ యూనిట్ పెట్టాలో తేల్చుకోవలసింది లబ్ధిదారే. అలాంటప్పుడు ఊళ్లో సర్వేకి దిగి "కిరాణం పెడితే వస్తారా?" అని అడిగితే మొహమాటానికైనా అందరూ "ఎందుకు రాం!" అంటారు. ఆ జవాబు మీద షట్టర్ అద్దెకు తీసుకోవద్దు. "పోయిన నెల సరుకులు ఎక్కడ కొన్నరు? ఎంతైంది? ఉద్దెరనా, నగదా?" అని అడగాలి. ఉద్దెర లెక్క తేలితే పెట్టుబడి ఎన్నాళ్లు ఇరుక్కుంటుందో తెలుస్తుంది. ట్రాక్టర్ కొనాలనుకుంటే చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయి, పోయిన వానాకాలం ఎన్ని రోజులు కిరాయికి తిరిగాయి, నాట్ల ముందు దొరక్క ఆగినవాళ్లు ఎందరు? ఇవి టీ కొట్టు దగ్గర నలుగురినే అడిగితే చాలదు. తండాలో, ఊరి చివరి వాడలో, టీ కొట్టుకు రాని ఆడవాళ్లను కూడా అడగాలి. సరుకుల చీటీ రాసేది చాలా ఇళ్లలో వాళ్లే.