చోడి అంబలి – ఇంటి మజ్జిగ

సంఘాల తనిఖీకి వెళ్లినపుడు మేము గమనిస్తున్నది ఒకటుంది. పాలన్నీ కేంద్రంలో పోసి, ఇంట్లో మజ్జిగచుక్క లేని అంబలి తాగే కుటుంబాలు కొన్ని ఉన్నాయి.

అంబలి కాచే తీరు తెలిసిందే. రాత్రి గ్లాసుడు చోడిపిండిని రెండు గ్లాసుల నీళ్లలో కలిపి పులియనివ్వాలి. ఉదయం ఐదు గ్లాసుల ఎసరులో గుప్పెడు నూకలు మెత్తగా ఉడికించి, పులిసిన పిండిని కొద్దికొద్దిగా పోస్తూ తెడ్డుతో కలియబెట్టాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉండ కడుతుంది. పచ్చివాసన పోయాక దించి, బాగా చల్లారాకనే మజ్జిగ, ఉప్పు కలపాలి. వేడిలో పోస్తే విరుగుతుంది. అలా విరిగిన అంబలి చివరకు గేదె కుడితిలోకే పోతుంది!

చోళ్లు ఆదిలో తూర్పు ఆఫ్రికా నుండి వచ్చినవే. కెన్యాలో నేటికీ చోడిపిండితోను, మొక్కజొన్న పిండితోను 'ఉజి' అనే అంబలి కాస్తారు. రబీలో మొక్కజొన్న వేసే మన సభ్యులూ ఆ పిండితో ఇలాగే కాచుకోవచ్చు. అయితే వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైగా ఉండగా, మొక్కజొన్నలో నామమాత్రం. దాని మాంసకృత్తులలోను లోటుంది. ఆ లోటు తీర్చేది మజ్జిగ. పిల్లలు, బాలింతలు ఉన్న ఇంట రోజూ అర లీటరు పాలు ఆపి తోడు వేయండి. వెన్న తీసి నేతికి వాడుకున్నా, కాల్షియం, మాంసకృత్తులు చాలావరకు మజ్జిగలోనే ఉంటాయి.