ఊరి నడుమ బండి వేగానికి హద్దు ఊరే గీయాలి
పంచాయతీలకు ఆ అధికారం ఇచ్చే దారి చట్టంలోనే ఉంది

నల్గొండ: వీధి దీపం ఏ స్తంభానికి వేయాలో పంచాయతీ నిర్ణయిస్తుంది. మురుగు కాలువ ఎటు తీయాలో పంచాయతీ నిర్ణయిస్తుంది. కాని ఊరి నడుమ నుంచి పోయే లారీ ఎంత వేగంతో పోవాలో చెప్పే అధికారం మాత్రం దానికి లేదు. బడి పిల్లలు, గొడ్లు తోలుకుపోయే వాళ్లు, తెల్లవారగానే పాల క్యాన్లతో బయలుదేరే రైతులు, అందరూ దాటవలసిన రోడ్డే అది.

ఉమ్మడి నల్గొండ జిల్లాకు ఇది చిన్న సంగతి కాదు. హైదరాబాద్ - విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ మీదుగా పోతుంది. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే రోడ్డు నల్గొండ, మిర్యాలగూడలను కలుపుతుంది. వీటి నుంచి లోపలి ఊళ్లకు చీలిపోయే తారు రోడ్లు లెక్కలేనన్ని. రోడ్లు బాగుపడ్డాయి, సంతోషమే. అయితే రోడ్డు బాగుపడిన కొద్దీ వేగం పెరిగింది, దానితోపాటు రోడ్డు దాటే వాళ్ల గుండెదడ కూడా పెరిగింది.

దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయినట్లు కేంద్ర ప్రభుత్వ లెక్క. వందకు 71 చావులకు కారణం అతివేగమని ఆ లెక్కే చెబుతోంది. పోయిన ప్రాణాల్లో సుమారు మూడింట రెండు వంతులు పల్లె ప్రాంతాల్లో పోయినవే.

చట్టం ఏమంటోంది?

బండ్ల వేగానికి హద్దు పెట్టేది 1988 మోటారు వాహనాల చట్టంలోని 112వ సెక్షన్. దీని కింద కేంద్రం 2018 ఏప్రిల్‌లో కొత్త హద్దులు ప్రకటించింది. మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రహదారి మీద కారు గంటకు 100 కిలోమీటర్లు, సరుకుల లారీ 80 కిలోమీటర్ల దాకా పోవచ్చు. మిగతా రోడ్ల మీద కారుకు 70, బస్సుకు, లారీకి, మోటారు సైకిలుకు 60, ఆటోకు 50. మన ఊళ్ల రోడ్లు చాలావరకు ఈ 'మిగతా' లెక్కలోకే వస్తాయి. అంటే వేరే హద్దు చెప్పే బోర్డు లేని చోట, బడి గేటు ముందు నుంచి కారు 70తో పోయినా వేగం హద్దు దాటినట్లు కాదు. నిర్లక్ష్యంగా నడిపితే వేరే సెక్షన్ ఉంది గాని, అది సాధారణంగా ప్రమాదం జరిగిన తర్వాతే అందరికీ గుర్తుకొస్తుంది.

ఇంతకంటె తక్కువ హద్దు పెట్టే వీలు కూడా అదే సెక్షన్‌లో ఉంది. ప్రజల భద్రత కోసమో, రోడ్డు తీరును బట్టో రాష్ట్ర ప్రభుత్వం హద్దు తగ్గించవచ్చు. లేదా రాష్ట్ర ప్రభుత్వం ఎవరికి అధికారమిస్తే వారు తగ్గించవచ్చు. నోటిఫికేషన్ ఇచ్చి, రోడ్డు మీద బోర్డులు పాతాలి. ఈ 'ఎవరికి అధికారమిస్తే వారు' అన్న మాటలోనే దారి ఉంది. ఊరి లోపలి రోడ్ల వరకైనా ఆ అధికారం పంచాయతీకి ఇవ్వాలంటే ప్రభుత్వం తలచుకుంటే చాలు.

యాభై గజాల తేడా

70తో పోయే కారు ఒక్క సెకనులో 19 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి, కాలు బ్రేకు మీద వేసేసరికి ఆ సెకను కాస్తా అయిపోతుంది. ఎండిన రోడ్డు, మంచి బ్రేకులు ఉన్నా ఆగడానికి ఇంకో 27 మీటర్లు కావాలి. మొత్తం 46 మీటర్లు, అంటే 50 గజాలు. అదే కారు 40తో పోతుంటే 20 మీటర్లలో, 30తో పోతుంటే 13 మీటర్లలో ఆగుతుంది. 25 మీటర్ల దూరంలో ఒక పిల్లవాడు రోడ్డు మీదికి వచ్చాడనుకోండి. 40తో వచ్చే బండి వాడిని చేరకముందే ఆగిపోతుంది. 70తో వచ్చే బండి 60కి పైగా వేగంతోనే వాడికి తగులుతుంది.

దీనివల్ల డ్రైవరుకు నష్టం ఎంత? అర కిలోమీటరు ఊరు దాటడానికి 70తో అయితే 26 సెకన్లు, 30తో అయితే ఒక నిమిషం. తేడా 34 సెకన్లు మాత్రమే.

మొరం కట్టలు మందు కాదు

అధికారం లేక, అడిగితే పలికేవారు లేక ఊరివాళ్లు తమకు తోచింది చేస్తున్నారు. ప్రమాదం జరిగిన మర్నాడే మొరం పోసి అడ్డంగా కట్ట కడతారు. రాత్రిపూట అది కనపడక మోటారు సైకిలు మీద వచ్చేవాడు పడతాడు. పద్ధతి ప్రకారం స్పీడ్ బ్రేకరు సుమారు 12 అడుగుల వెడల్పు, 4 అంగుళాల ఎత్తుతో గుండ్రంగా ఉండాలి. తెల్లగీతలు, ముందుగా హెచ్చరిక బోర్డు ఉండాలి. కోతల కాలంలో వడ్లు రోడ్డు మీద ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టడం కూడా అంతే ప్రమాదం. ఎదుటివాడి వేగాన్ని తప్పుపట్టే ముందు మన రాళ్లు మనం తీయాలి.

వేల్స్ అనుభవం

బ్రిటన్‌లోని వేల్స్ ప్రభుత్వం 2023 సెప్టెంబరులో జనావాసాల రోడ్ల మీద వేగాన్ని 30 మైళ్ల నుంచి 20 మైళ్లకు, అంటే 32 కిలోమీటర్లకు, తగ్గించింది. పైనుంచి రుద్దారని జనం గగ్గోలు పెట్టారు. నాలుగున్నర లక్షలకు పైగా సంతకాలతో అర్జీ వెళ్లింది. ఆ రోడ్ల మీద గాయపడేవారి సంఖ్య మాత్రం మొదటి ఏడాదిలోనే తగ్గింది. 2024లో ప్రభుత్వం ఒక మెట్టు దిగి, ఏ రోడ్డుకు పాత హద్దు ఉండాలో అక్కడి స్థానిక కౌన్సిళ్లే జనాన్ని అడిగి తేల్చాలన్నది. తగ్గించడం ఎంత అవసరమో, ఎక్కడ తగ్గించాలో స్థానికులే చెప్పడం కూడా అంతే అవసరమని దీనివల్ల తెలుస్తోంది.

అభ్యంతరాలు లేకపోలేదు

ఊరికో హద్దు పెడితే బస్సు డ్రైవరు ఏది గుర్తుపెట్టుకోవాలి? ఈ ప్రశ్నలో న్యాయముంది. అందుకు ప్రభుత్వమే 30, 40 అని రెండే అంకెలు ఖాయం చేసి, ఏ రోడ్డుకు ఏది కావాలో ఎంచుకోమని పంచాయతీకి చెప్పవచ్చు. జరిమానా డబ్బు కోసం హద్దులు పెడతారన్న అనుమానం రాకుండా వసూలు పని పోలీసుల దగ్గరే ఉండాలి. జాతీయ రహదారి మీద పంచాయతీ ఒక్కటే నిర్ణయించడం కుదరదు. అక్కడ దాని మాట తప్పనిసరిగా వినాలన్న నిబంధన ఉంటే చాలు.

ఇప్పుడే చేయగలిగింది

అధికారం వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కరలేదు. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. బడి, బస్టాండు, మూలమలుపు ఎక్కడున్నాయో, ఎన్ని ప్రమాదాలు జరిగాయో రాసి, గ్రామసభ తీర్మానం ఆ కమిటీకి పంపాలి. రోడ్డు పంచాయతీరాజ్ శాఖదా, రోడ్లు భవనాల శాఖదా, జాతీయ రహదారుల సంస్థదా తెలుసుకొని ఒక నకలు వారికీ ఇవ్వాలి.

నెలకు మించని హద్దుకైతే నోటిఫికేషన్ కూడా అవసరం లేదని చట్టమే చెబుతోంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు, చెరువుగట్టు జాతరకు, వడ్లు కొనే రోజుల్లో ధాన్యం కేంద్రాల ముందు వేగం తగ్గించాలని అధికారులను అడగవచ్చు.

రాష్ట్ర ప్రభుత్వం ఊరి లోపలి రోడ్లకైనా ఈ అధికారాన్ని పంచాయతీలకు ఇవ్వాలి, బోర్డుల ఖర్చు తానే భరించాలి. ఈలోగా వచ్చే గ్రామసభలో కుళాయిలు, కాలువలతోపాటు ఈ విషయాన్నీ చర్చకు పెట్టమని గ్రామస్తులు తమ సర్పంచ్‌ను అడగాలి.