పంట వాటా పద్ధతి

పంట వాటా పద్ధతి (సమాజ ఆధారిత వ్యవసాయం) అనగా వినియోగదారులు సీజను ఆరంభంలోనే రైతుకు సొమ్ము చెల్లించి, పండిన దానిలో వారం వారం తమ వాటా పొందే ఏర్పాటు. ఇది జపానులో 1970లలో "తెయికెయి" పేరుతో వ్యాపించింది. అమెరికాలో 1986లో మొదలైంది.

చిత్తూరు ప్రాంతంలో మామిడి తోటను పూత, పిందె దశలోనే వ్యాపారికి గుత్తకిచ్చే ఆచారం ఉంది. అక్కడ నష్టభయం వ్యాపారిది. పంట వాటాలో అది సభ్యులందరిదీ. మదనపల్లె (2022 వరకు చిత్తూరు జిల్లా) మార్కెట్టులో 2023 జూలైలో కిలో టమాటా ధర 100 రూపాయలు దాటింది. ధర పడిపోయిన కాలాల్లో కాయలను రోడ్డుపై పారబోసిన రైతులూ ఉన్నారు. ముందే సొమ్ము అందిన రైతుకు ఈ ఒడుదుడుకుల బాధ తక్కువ.

సభ్యుల అభిప్రాయాలను సీజను నడుమనే సేకరించడం మేలు. వారం వారం సొరకాయే వస్తున్నదన్న ఫిర్యాదు న్యాయమైనదే. విత్తనాన్ని విడతలుగా వేసి, రకాలు పెంచి సరిదిద్దవచ్చు. వాన తప్పి వాటా తగ్గితే మాత్రం సాధారణంగా సొమ్ము వాపసు ఉండదు. ఈ షరతును చేరేటప్పుడే చెప్పకపోతే తగవులు తప్పవు.